అబూ ఉమైర్ పిట్ట, మర్రిగూడ పశువులు

చరిత్ర అనగానే మనకు యుద్ధాలు, సంధులు, రాజ్యాల ఉత్థాన పతనాలు గుర్తుకు వస్తాయి. కాని ఇస్లామీయ విద్యాచరిత్రలో ఒక చిన్న పిల్లవాడి దుఃఖం కూడా భద్రంగా నమోదై ఉంది. ఆ దుఃఖానికి కారణం రాజ్యనష్టం కాదు, ధననష్టం కాదు. వాడు పెంచుకున్న ఒక పిట్ట చనిపోయింది, అంతే. ఆ సంగతిని హదీసువేత్తలు పరంపరగా ఉల్లేఖించారు. ధర్మశాస్త్రవేత్తలు దాని మీద చర్చలు జరిపారు. ఒక విద్వాంసుడు దాని కోసమే ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించాడు. ఇంత చిన్న విషయానికి ఇంత శ్రద్ధ ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం మదీనాలోనే గాక, మన నల్లగొండ మెట్ట ప్రాంతంలోని మర్రిగూడ వంటి ఊళ్ళ చరిత్రలోనూ దొరుకుతుంది. రెండింటినీ కలిపి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మదీనాలో ఒక ఇల్లు

హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) మదీనా అన్సారీ మహిళలలో ప్రముఖురాలు. దైవప్రవక్త (స)కు పదేళ్ళపాటు సేవ చేసిన హజ్రత్ అనస్ (రజి) ఆమె కుమారుడే. మొదటి భర్త మరణానంతరం ఆమె హజ్రత్ అబూ తల్హా (రజి)ను వివాహమాడారు. వారికి కలిగిన బాలుడే అబూ ఉమైర్. అంటే అనస్‌కు తల్లి వైపు తమ్ముడు.

ఆ బాలుడి దగ్గర ఒక చిన్న పిట్ట ఉండేది. అరబ్బులు దానిని ‘నుగర్’ అనేవారు. పిచ్చుకను పోలిన, ఎర్రని ముక్కు గల పక్షి అని నిఘంటుకారులు వివరించారు. వాడు దానితో ఆడుకునేవాడు. ఒకనాడు అది చనిపోయింది. దైవప్రవక్త (స) ఆ ఇంటికి వచ్చినప్పుడు బాలుడు దిగులుగా కనిపించాడు. కారణం విచారించారు. ఇంట్లోవారు చెప్పారు. అప్పుడు ఆయన పిల్లవాడినే పలకరించి, వాడి పిట్ట సంగతి వాడినే అడిగారు. ‘ఉమైర్’కు ‘నుగైర్’ అంత్యప్రాస అయ్యేలా ఆ పలకరింపు సాగింది. దుఃఖంలో ఉన్న పసివాడికి ఆ మాటల లయే ఒక లాలన.

ఈ వృత్తాంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. దీనిని మనకు అందించినవారు అనస్ (రజి). ఆయన దీర్ఘాయుష్కులు. హిజ్రీ మొదటి శతాబ్ది చివరి దశకం దాకా జీవించి బస్రాలో కన్నుమూశారు. ఎన్నో మహత్తర సంఘటనలను కన్నులారా చూసిన వ్యక్తి, తన తమ్ముడి పిట్ట సంగతిని మాత్రం మరువలేదు. గొప్పవారి గొప్పతనం చిన్నవారి దగ్గరే బయటపడుతుందని ఆయనకు తెలుసు.

అనువాదకుడిగా నేను ఈ హదీసు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ‘నుగైర్’ అనేది ‘నుగర్’కు లఘురూపం. ముద్దుగా పిలిచే పిలుపు. తెలుగులో ‘పిట్ట’ అంటే అర్థం వస్తుందిగాని ముద్దు రాదు. ‘బుజ్జిపిట్ట’ అంటే ముద్దు వస్తుందిగాని, శాస్త్రగ్రంథంలో ఆ మాట ఇమడదేమోనని సంకోచం కలుగుతుంది. కాని మూలంలో ఆ ముద్దు ఉంది. ఇక ప్రశ్నలోని అరబీ క్రియకు ‘చేయడం’ అని అర్థం. క్షేమసమాచారం అడగడానికి అరబ్బులకు అది మామూలు నుడికారమే. అయినా ఆ నుడికారంలో పిట్ట కర్త స్థానంలో నిలిచింది. మనిషిని గురించి ఎలా అడుగుతారో, పిట్టను గురించీ అలాగే అడిగారు.

“దీనివల్ల ప్రయోజనమేమిటి?”

హిజ్రీ నాలుగవ శతాబ్దిలో కొందరు హదీసువేత్తలను ఎగతాళి చేసేవారు. ప్రయోజనం లేని విషయాలు కూడా వీరు మోసుకు తిరుగుతారని వారి ఆక్షేపణ. అందుకు ఉదాహరణగా ఈ పిట్ట హదీసునే చూపేవారు. షాఫయీ పండితుడు అబుల్ అబ్బాస్ అహ్మద్ తబరీ దీనికి జవాబు చెప్పడానికి పూనుకున్నారు. ఇబ్నుల్ ఖాస్‌గా ప్రసిద్ధులైన ఈయన హిజ్రీ 335లో తర్సూస్ పట్టణంలో మరణించారు. ఈ ఒక్క హదీసు నుంచి అరవైకి పైగా ప్రయోజనాలను తీసి ఆయన ఒక గ్రంథం రచించారు. తర్వాత ఐదు శతాబ్దులకు హాఫిజ్ ఇబ్నె హజర్ (మరణం హిజ్రీ 852) తమ ఫత్హుల్ బారీలో ఆ ప్రయోజనాలను సంగ్రహించి, మరికొన్ని జోడించారు.

ఆ ప్రయోజనాలలో నానా విధాలున్నాయి. పిల్లవాడికి కూడా గౌరవనామం పెట్టి పిలువవచ్చు. నాయకుడు సామాన్యుల ఇళ్ళకు వెళ్ళవచ్చు. పిల్లలతో హాస్యమాడడం గాంభీర్యానికి భంగం కాదు. మేత, నీరు సరిగా అమర్చేటట్లయితే పక్షిని పెంచుకోవచ్చు. మదీనా పరిసరాలలో వేట గురించి హనఫీ, షాఫయీ పండితుల మధ్య జరిగిన వాదంలో కూడా ఈ పిట్ట సాక్ష్యానికి వచ్చింది. ఇంకొక సూక్ష్మాన్ని కూడా వ్యాఖ్యాతలు గుర్తుచేశారు: పిల్లవాడు పక్షితో ఆడుకోవచ్చునంటే దానిని హింసించవచ్చునని కాదు. దగ్గర పెట్టుకొని మురిసిపోవడం వేరు, రెక్కలు పీకడం వేరు.

ఈ పట్టికంతటికీ పునాదిగా ఉన్న విషయం ఒక్కటే. పిల్లవాడి దుఃఖాన్ని ఆయన చిన్నచూపు చూడలేదు. “పిట్టే కదా, ఇంకొకటి తెస్తాము” అనలేదు. పోయినదానికి బదులు మరొకటి చూపించడం పెద్దలు తరచూ చేసే పని. పోయినది ఏమిటని అడగడం అరుదుగా చేసే పని.

ఆ ఇంటి కథ అక్కడితో ముగియలేదు. కొంతకాలానికి అబూ తల్హా దంపతుల చిన్న కుమారుడు జబ్బుపడ్డాడు. తండ్రి బయటికి వెళ్ళిన సమయంలో మరణించాడు. తిరిగివచ్చిన తండ్రి బిడ్డ ఎలా ఉన్నాడని అడిగితే, తల్లి గుండె దిటవు చేసుకొని, వాడు మునుపటికంటె నిమ్మళంగా ఉన్నాడని నర్మగర్భంగా చెప్పింది. ఆ బిడ్డ అబూ ఉమైరేనని వ్యాఖ్యాతలు గుర్తించారు. పిట్ట క్షేమం విచారింపబడిన ఇంట్లోనే పిల్లవాడి క్షేమం కూడా విచారింపబడింది. ఈ రెండు హదీసులను పక్కపక్కన పెట్టి చదివితే, ప్రాణి బలహీనత ఎంతటిదో, ఆ బలహీనత పట్ల మనకుండవలసిన మృదుత్వం ఎటువంటిదో తెలిసివస్తుంది.

హజ్రత్ అబూ హురైరా (రజి) పేరు వెనుక కూడా ఇటువంటి వృత్తాంతమే ఉంది. ఇంటివారి మేకలను కాచే రోజులలో ఆయనకు ఒక చిన్న పిల్లిపిల్ల ఉండేదట. రాత్రి దానిని చెట్టు మీద ఉంచి, పగలు వెంట తీసుకుపోయి ఆడుకునేవారట. తిర్మిజీ గ్రంథంలోని ఈ కథనం ప్రకారం ఆ పిల్లిపిల్లే ఆయనకు పేరు తెచ్చింది. వేలాది హదీసులను మనకు అందించిన మహనీయుని అసలు పేరు గురించి పండితులు భిన్నాభిప్రాయులైనారుగాని, పిల్లి పెట్టిన పేరును లోకమంతా ఎరుగును.

మృదుత్వం నుంచి శాసనం దాకా

పసివాడి హృదయంలోని ఈ మెత్తదనం ధర్మశాస్త్రంలో గట్టి నియమాల రూపం ధరించింది. హిజ్రీ 660లో మరణించిన ఇమాం ఇజ్జుద్దీన్ ఇబ్నె అబ్దుస్సలాం మనిషి మీద పశువులకు గల హక్కులను విడివిడిగా పేర్కొన్నారు. వాటిలో మొట్టమొదటిది పోషణ హక్కు. పశువు ముసలిదై గాని, జబ్బుపడి గాని ఎందుకూ కొరగానిదైనా సరే, దాని మేత ఖర్చు యజమాని భరించవలసిందే. శక్తికి మించి బరువు వేయరాదు. దానికి హాని చేసేవాటితో కలిపి కట్టరాదు. ‘హక్కు’ అన్న మాటను ఇక్కడ గమనించాలి. దయ చూపితే మెచ్చుకోలు, చూపకపోతే ఏమీ లేదు అన్న స్థితి కాదిది.

యజమాని మేత పెట్టకపోతే న్యాయాధికారి బలవంతపెట్టవచ్చునా అన్నదానిపై మజ్‌హబ్‌ల మధ్య అభిప్రాయభేదం ఉంది. షాఫయీ, హంబలీ తదితర పండితులు బలవంతపెట్టవచ్చునన్నారు. మేత పెట్టాలి, లేదా అమ్మాలి, తినదగినదైతే జబహ్ చేయాలి. హనఫీ మజ్‌హబ్‌లో ప్రసిద్ధాభిప్రాయం ప్రకారం అది అల్లాహ్ ఎదుట బాధ్యతే తప్ప న్యాయస్థానం బలవంతానికి లోబడేది కాదు. అయితే ఇమాం అబూ యూసుఫ్ మాత్రం బలవంతపెట్టవచ్చుననే అన్నారు. వాదమంతా అమలుచేసే విధానాన్ని గురించినదే. బాధ్యత ఉన్నదా లేదా అన్నదానిలో వాదం లేదు.

దీనికి తోడు సంతకు సంబంధించిన నియమం కూడా ఉంది. వస్తువులో లోపం ఉంటే కొనేవాడికి చెప్పి అమ్మాలి. దాచి అమ్మితే, బయటపడిన తర్వాత తిరిగి ఇచ్చివేసే అధికారం కొన్నవాడికి ఉంటుంది. జబ్బు పశువును తెలియనివాడికి అంటగట్టడం రెండు అన్యాయాలు. మనిషికి ఒకటి, పశువుకు ఒకటి.

శాసనంతో పాటు శాస్త్రం కూడా పెరిగింది. పశువైద్యుని అరబ్బులు ‘బైతార్’ అన్నారు. హిజ్రీ ఎనిమిదవ శతాబ్దిలో ఈజిప్టు మమ్లూకు సుల్తాను నాసిర్ ముహమ్మద్ కొలువులో అబూ బక్ర్ బైతార్ అశ్వవైద్యంపై రచించిన పెద్ద గ్రంథం ప్రసిద్ధం. ఇరవయ్యవ శతాబ్ది సిరియా పండితుడు ముస్తఫా సిబాయీ (1915–1964), జబ్బుపడిన, వయసుడిగిన జంతువుల కోసం పూర్వం డమాస్కస్‌లో వక్ఫు చేసిన పచ్చికబయలు ఉండేదని రాశారు. మన దక్కనులో బహమనీల కాలంలో గుల్బర్గాలో అబ్దుల్లా ఇబ్నె సఫీ, శాలిహోత్రుని పేర చెలామణిలో ఉన్న సంస్కృత అశ్వశాస్త్రాన్ని పారశీకంలోకి అనువదించారు. ‘శాలిహోత్ర’ శబ్దమే మన ప్రాంతపు ఉర్దూలో ‘సలోత్రి’ అయింది. పశువైద్యుడికి ఆ పేరు స్థిరపడింది. జబ్బుపడ్డ గుర్రం ముందు నిలబడినప్పుడు సంస్కృతమా, పారశీకమా అన్న పట్టింపు మన పూర్వులకు లేకపోయింది.

ఎడ్లు చెప్పిన సాక్ష్యం

ఇక మన గడ్డ సంగతికి వద్దాం. 1930 దశకం తొలి సంవత్సరాలలో అప్పటి మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాలలో, అంటే తర్వాత ప్రకాశం జిల్లాగా ఏర్పడిన చోట, రైతుల ఎడ్లు కాళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోసాగాయి. కాడి కట్టిన ఎద్దు నొప్పితో కుంటేది. రైతు చేయగలిగింది ఒక్కటే: దానిని మార్చి వేరొకటి కొనడం. కొత్తగా వచ్చిన ఎద్దుకూ అదే గతి పట్టేది. 1934లో మహాజన్ అనే పరిశోధకుడు నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో, 1935లో విశ్వనాథన్ మద్రాసు రాష్ట్రంలో పశువులకు వస్తున్న ఈ వ్యాధిని గురించి నివేదించారు. 1937లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు రాష్ట్రంలో మనుషులకు వస్తున్న వ్యాధిని ఇండియన్ మెడికల్ గెజిట్ పత్రికలో ప్రకటించారు. అది నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే వ్యాధి. 1955లో డాక్టర్ సిద్దీఖీ నల్లగొండ జిల్లా రోగులను గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు.

ఈ సంవత్సరాల వరుసను మరొకసారి చూడండి. ముందు పశువు, తర్వాత మనిషి. బావి ఒకటే, నీరు ఒకటే. మాట రాని ప్రాణి ముందుగా తన శరీరంతో సాక్ష్యం చెప్పింది.

నల్లగొండ జిల్లా నైఋతి భాగంలోని మర్రిగూడ మండలం ఈ వ్యాధికి పేరుపడింది. శివన్నగూడ, బట్లపల్లి, ఖుదాబక్ష్‌పల్లి వంటి ఊళ్ళ పేర్లు వార్తాపత్రికలలో ఈ కారణంగానే తరచూ కనిపించాయి. దేవుడిచ్చిన ఊరు అని స్ఫురించే పేరుగల పల్లెకు ఈ కష్టం తప్పలేదు. కారణం నేలలోనే ఉంది. అక్కడి నల్లరాతి, గ్రానైటు శిలలలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి దిగుతుంది. వానలు తక్కువ. చెరువులు ఎండినకొద్దీ జనం బోర్లను ఆశ్రయించారు. రాతిలో ఎక్కువకాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా చేరుతుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. ఈ ప్రాంతపు బోర్లలో పలుచోట్ల దానికి ఎన్నో రెట్లు కనిపించింది.

శరీరంలో చేరిన ఫ్లోరైడ్ ఎముకలలో, దంతాలలో నిలువ ఉంటుంది. పెరిగే వయసులో ఇది మరీ ఎక్కువ. అందుచేత ఎనిమిదేళ్ళలోపు పిల్లల పళ్ళకు, లేగదూడల పళ్ళకు ఒకే విధమైన గోధుమరంగు చారలు పడతాయి. ముదిరితే కీళ్ళు బిగుసుకుంటాయి, నడుము వంగుతుంది. పశువు పళ్ళు అరిగి నమలలేక చిక్కిపోతుంది. నిలబడలేక ముందరి మోకాళ్ళ మీద ఆని మేస్తుంది. మేత ముందున్నా తినలేని మేకపిల్లను ఒళ్ళో పెట్టుకొని, ఆకు తుంచి నోటికి అందించే పిల్లవాడి పళ్ళ మీద కూడా అవే చారలు. ఇద్దరిదీ ఒకే జబ్బు. ఒకరి పట్ల ఒకరికి గల మమకారం ఉత్త సెంటిమెంటు కాదు, ఒకే నీళ్ళు తాగినవారి బంధుత్వం.

ఎవరు అడిగారు?

మనుషులే వంగిపోతున్న చోట మేకలను, ఎడ్లను గురించి మాట్లాడడం అవసరమా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీనికి చరిత్రే సమాధానం చెబుతోంది. ఎద్దును ఆస్తిగా మాత్రమే చూసిన దృష్టికి దాని కుంటితనం ఒక నష్టం. నష్టానికి మందు మార్పిడి. కుంటిదాన్ని సంతకు తోలి, మంచిదాన్ని తెచ్చుకుంటే లెక్క సరిపోతుంది. కాని మార్పిడితో ప్రశ్న మాసిపోతుంది. “దీనికేమైంది?” అన్న ప్రశ్న నిలిచి ఉంటేనే కదా, దాని వెనుక “ఏ నీళ్ళు తాగింది?” అన్న ప్రశ్న వచ్చేది! బీదరైతును నిందించడం నా ఉద్దేశం కాదు. దుక్కి ఆగితే అతని పిల్లలు పస్తుంటారు. నేను చెప్పదలచింది, పశువు బాధను బాధగా గుర్తించినచోట మనిషి బాధకు కూడా కారణం త్వరగా దొరుకుతుందని మాత్రమే.

ఇంట్లో జబ్బుపడ్డ జీవాన్ని మార్పిడి సరుకుగా చూడడం తెలియనివాడు ఒక్కడే ఉంటాడు. వాడు పసివాడు. “ఇంకొకటి తెస్తాము” అంటే వాడు ఊరుకోడు. వాడికి ఆ మేకపిల్లే కావాలి. ఆ మొండితనంలో ఒక జ్ఞానం ఉంది. ప్రతి ప్రాణీ దానికదే, మరొకదానితో సరిపుచ్చదగినది కాదన్న జ్ఞానం. భూమి మీద నడిచే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మీవంటి సమూహాలేనని దివ్య ఖుర్ఆన్ అన్‌ఆమ్ సూరాలో బోధించింది. ఆ బోధ పెద్దలకు పాఠం చెప్పి నేర్పవలసి వస్తుంది. పిల్లలకు అది స్వభావంలోనే ఉంటుంది. మదీనాలో దైవప్రవక్త (స) ఆ స్వభావాన్ని సరిదిద్దలేదు, నవ్విపోలేదు. దానితో పాటు కూర్చున్నారు.

నీటి విషయంలో కొంత మేలు జరిగింది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970 దశకంలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది. దానికి మన జిల్లా పేరిటే ‘నల్లగొండ పద్ధతి’ అని లోకంలో పేరు. తెలంగాణ ఏర్పడిన తర్వాత 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించి, 2016లో ప్రారంభించిన మిషన్ భగీరథ ద్వారా ఈ ఊళ్ళకు కృష్ణాజలాలు వచ్చాయి. వంగిన ఎముకను తిరిగి నిటారు చేసే మందు లేదుగాని, మంచినీరు తాగితే కొత్త తరానికి ఈ వ్యాధి రాకుండా ఆపవచ్చు. ఇక్కడ ఒక్క ప్రశ్న. కృష్ణానీరు ఇంటి బిందెలోకి వచ్చింది. పశువుల గోలెంలోకి ఏ నీరు వెళ్తోంది? బోరునీరే పోస్తున్నట్లయితే, అది ఎంత ఫ్లోరైడ్ ఉన్న బోరో పరీక్ష చేయించామా? వాన నీటిని నిలిపి పశువులకు వాడుకునే ఏర్పాటు చేశామా? జబ్బు పశువును పశువైద్యునికి చూపించామా, లేక లోపం దాచి సంతకు తోలామా? ఇవి ఇమాం ఇజ్జుద్దీన్ పట్టికలోని హక్కులకు మర్రిగూడలో చేయదగిన తాత్పర్యం.

పిల్లలతో మాట్లాడే తీరు గురించి కూడా ఒక మాట. జబ్బుచేసిన జీవం గురించి పిల్లవాడు అడిగితే, ఊరికి పోయిందనీ, రేపు వస్తుందనీ అబద్ధం చెప్పి మరపించడం మనకు అలవాటు. మదీనాలోని ఆ పలకరింపు మరొక మార్గం చూపుతుంది. పోయిన ప్రాణి పేరెత్తడానికి పెద్దలు జంకనవసరం లేదు. దాని సంగతి పిల్లవాడి నోటనే చెప్పించవచ్చు. నీళ్ళు పట్టే పని, నీడకు కట్టే పని, నోటికి గడ్డిపోచ అందించే పని వాడికి అప్పగించవచ్చు. బతికితే సంతోషం. బతకకపోతే, తన చేతనైనంత సేవ చేశానన్న తృప్తి వాడికి మిగులుతుంది. రేపు ముసలి తల్లిదండ్రుల మంచం దగ్గర కూర్చోవలసిన చేతులు ఇవే. వాటికి తొలి పాఠం మేకపిల్ల దగ్గర దొరికితే అది చిన్న చదువేమీ కాదు.

ఇబ్నుల్ ఖాస్ కాలంలో కొందరు వేసిన ప్రశ్న, ఈ హదీసు వల్ల ప్రయోజనమేమిటని. ఆయన అరవైకి పైగా చెప్పారు. నెల్లూరు, నల్లగొండల చరిత్ర తెలిసిన మనం ఆ పట్టికకు మరొకటి చేర్చవచ్చు: నోరులేని ప్రాణి క్షేమం అడిగే అలవాటున్న ఊరు, తన పిల్లల క్షేమాన్ని కూడా సకాలంలో అడుగుతుంది.